ఎర్ర పామ్ మొదట్లో పోసినవి

మొక్కలను జనం ఇష్టంతో పెంచుతారట. నేను రోత పుట్టి పెంచాను.

నాంపల్లిలో మా ఇల్లు కోర్టుకూ రైల్వే స్టేషన్‌కూ నడుమ ఉన్న గల్లీలో ఉంది. గేటు తీస్తే ఎదురుగా పొడుగాటి గోడ. ఆ గోడ ఎవరిదో మాకు ఇప్పటికీ తెలియదు గానీ దాన్ని వాడుకునే హక్కు మాత్రం ఊరందరికీ ఉంది. వాయిదాకు వచ్చినవాళ్ళు, రైలు దిగినవాళ్ళు, రైలెక్కబోయేవాళ్ళు, మెట్రో మెట్లు దిగి దిక్కులు చూసేవాళ్ళు, బండి ఆపి మరీ దిగిన ఆటోవాళ్ళు, అందరికీ ఆ గోడను చూడగానే అర్జెంటు అవుతుంది. ఎవరో పుణ్యాత్ములు దాని మీద దేవుళ్ళ టైల్స్ అతికించారు, అన్ని మతాల దేవుళ్ళూ ఉండేటట్టు. నాలుగు రోజులు ఆగారు. తర్వాత టైల్‌కూ టైల్‌కూ మధ్య జాగా చూసుకొని కానిచ్చుకోవడం మొదలుపెట్టారు. పైగా దేవుడి మీద పడకుండా చూసుకున్నామన్న తృప్తి ఒకటి వాళ్ళ మొహాల్లో. పొద్దున్నే చాయ్ కప్పు పట్టుకొని వాకిట్లోకి వస్తే నాకు కనబడేది మగవాళ్ళ వీపులు. గేటుకు రేకు కొట్టిద్దామంటే, అప్పుడిది ఇల్లు కాదు జైలు అని మా ఆయన ఒప్పుకోలేదు.

ఇక ఉమ్మడం. మా గల్లీలో ఎరుపు అంటే గుట్కా ఎరుపే. గోడ మూలకు, కరెంటు స్తంభానికి, మా గేటు పక్కనున్న సిమెంటు దిమ్మెకు, అన్నిటికీ ఎండిన ఉమ్మి మీద తడి ఉమ్మి. ఒకసారి బయట నుంచి వచ్చి గేటు గొళ్ళెం మీద చెయ్యి వేస్తే వేళ్ళకు తడి తగిలింది. ఆ రోజు సబ్బుతో రుద్ది రుద్ది చేతుల తోలు లేచిపోయింది. అయినా చేత్తో అన్నం కలుపుకోబుద్ధి కాక చెంచాతో తిన్నాను.

నేను అబిడ్స్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో కౌంటర్ మీద ఉంటాను. ఆడవాళ్ళు చీర తెచ్చి పరిస్తే దానికి సరిపోయే జాకెట్ గుడ్డ తీసిచ్చే పని. రంగులతోనే నా బతుకు. జనానికి ఎరుపంటే ఒక్కటే. నాకు కుంకుమ ఎరుపు, టమాట ఎరుపు, మిరపపండు ఎరుపు, ఇటుక ఎరుపు, మెరూన్, అన్నీ వేరు వేరు థాన్లు. అక్కడ కూడా రోతకు కొదవ లేదు. కొందరు వేలు నాలుకకు అద్దుకొని గుడ్డ మడతలు తిప్పుతారు. కొందరు సంచిలోంచి చెమట మరకల జాకెట్ తీసి నా ముక్కు ముందు పెట్టి "గిదే కలర్ కావాలె" అంటారు. చంకలో పాలిపోయిన రంగు చూపించి ఇది అసలు రంగు కాదమ్మా అని నేను చెప్పాలి. అట్లా రోజంతా ఎరుపులు విప్పి, మడిచి, ఇంటికొస్తే గల్లీలో ఆ ఉమ్మి ఎరుపు. నాకు ఇంకో ఎరుపు కావాలనిపించేది, ఎవరి నోట్లోంచీ రానిది.

అది నుమాయిష్‌లో దొరికింది. జనవరిలో ఎగ్జిబిషన్ మైదానం మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరమే. దుప్పట్లు, గాజులు, మిర్చి బజ్జీల దగ్గరి జనాన్ని తోసుకుంటూ పోతే ఒక చివర మొక్కల స్టాళ్ళు ఉన్నాయి. అక్కడ నల్ల కవర్లో నిలబడి ఉంది. సన్నని కాడలు గుంపుగా, వెదురులాగా కణుపులతో, ఆకు మొదలు నుంచి కింది దాకా ఎరుపు. పైన పూసిన ఎరుపు కాదు, లోపలి నుంచి వచ్చిన ఎరుపు. నేను మనసులోనే మా షాపు అరలన్నీ తిరిగి వచ్చాను. దానికి సరిపోయే గుడ్డ మా దగ్గర లేదు.

"లిప్‌స్టిక్ పామ్ మేడమ్," అన్నాడు స్టాల్ అతను. "ఎప్పుడూ తడి ఉండాలె. చలి తాకొద్దు, ఉప్పునీళ్ళు తాకొద్దు. జర నాజూకు."

"గంత నాజూకుదాన్ని మన గల్లీకి తీస్కపోయి ఏం జేస్తవ్?" అన్నాడు మా ఆయన. పెళ్ళయినప్పటి నుంచీ అంతకన్నా మంచి ప్రశ్న ఆయన అడగలేదు. కానీ నేను అప్పటికే కవర్ అంచు పట్టుకొని ఉన్నాను.

ఒకటి వచ్చాక ఇంకోటి రాకుండా ఉంటుందా. పసుప్పచ్చ కాడల అరెకా పామ్‌లు గేటుకు అటూ ఇటూ పెట్టాను. కొత్త ఆకు వచ్చినప్పుడల్లా రాగి రంగులో విచ్చుకొని తర్వాత పచ్చబడే పామ్ ఒకటి తెచ్చాను. విబూది పూసుకున్నట్టు నీలంగా ఉండే విసనకర్ర ఆకుల పామ్ ఒకటి తెచ్చాను. అది పెద్దదైతే మా వాకిలి చాలదని తెలిసే తెచ్చాను. ఎర్ర పామ్‌ను మాత్రం పెద్ద సిమెంటు కుండీలో సరిగ్గా నడిమిట్ల పెట్టాను, నా కుర్చీకి ఎదురుగా. అక్కడ కూర్చుంటే గోడ కనబడదు, వీపులు కనబడవు, ఎర్ర కాడలే కనబడతాయి. అది లేకపోతే ఈ వాకిలి నాకు మళ్ళీ ఉచ్చగోడే. ఇంట్లో దేనికి ఏమైనా కానీ, దానికి మాత్రం ఏమీ కాకూడదు అన్నట్టుగా ఉండేదాన్ని.

హైదరాబాద్ గాలి దానికి పడదు. ఎండాకాలం గోనెసంచులు తడిపి చుట్టూ కట్టేదాన్ని, చలికాలం పాత దుప్పటి కప్పేదాన్ని. పిండినల్లి పడితే పాత టూత్‌బ్రష్‌ను సబ్బునీళ్ళలో ముంచి ఆకు మడతలన్నీ రుద్దేదాన్ని. తెల్లదోమ పట్టినప్పుడు అదెక్కడి నుంచి వస్తుందో, ఏమేం పంటలు పాడుచేస్తుందో దొరికిందల్లా చదివాను. నీళ్ళది ఇంకో తలనొప్పి. మా బోరు నీళ్ళు ఉప్పు, బకెట్ అంచుకు తెల్లగా పేరుకుంటాయి. అవి పోస్తే ఆకు కొసలు మాడతాయి. నల్లా నీళ్ళు మాకే చాలవు. అందుకని షాపులో ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు పట్టుకొచ్చేదాన్ని, వాటిలో ఉప్పు ఉండదు. వెనక మెట్ల దగ్గర బకెట్ పెట్టి, సాయంత్రం పెద్ద సీసాల్లోకి వంచుకొని, అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా మోసుకొచ్చేదాన్ని. ఒకసారి షేర్ ఆటోలో పక్కన కూర్చున్నావిడ "గంగాజలమా అమ్మా?" అని అడిగింది. ఏసీ నీళ్ళన్నాను. జరిగి కూర్చుంది.

ఎరువు కోసం పల్లిచెక్క నానబెట్టేదాన్ని. డబ్బాలో అది వారం రోజులు పులిస్తే వచ్చే కంపుకు మా ఆయన ముక్కు మూసుకొని లోపలికి పరుగెత్తేవాడు. నాకు మాత్రం అది కంపులా అనిపించేదే కాదు. కట్టెతో కలియతిప్పుతూ పాట కూడా పాడుకునేదాన్ని.

సరిగ్గా అట్లా కలియతిప్పుతున్న రోజే మా వదినె వచ్చింది. మా ఆయనకు అక్క. ఊళ్ళో వాళ్ళు భూమి ఎప్పుడో అమ్ముకున్నారు. భర్త పోయాక ఒక్కతే ఉండేది. మోకాళ్ళ నొప్పులు ఎక్కువైతే మా ఆయన పోయి ఇంటికి తీసుకొచ్చాడు. గేటు లోపల అడుగుపెట్టగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం పిల్లా, బర్రె గిట్ల సచ్చిందా గీడ?"

"ఎరువు వదినే, చెట్లకు."

"ఊళ్ళె నేను బర్రె పెండ ముట్టుకుంటె గంత దూరం జరుగుతవ్. నీ గలీజు మాత్రం నీకు ముద్దు," అని నవ్వింది.

ఉన్న మాటే అన్నది. అందుకే ఒళ్ళు మండింది.

వదినె మంచి మనిషే. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చేది. నేను షాపు నుంచి వచ్చేసరికి జొన్నరొట్టెలు వేడిగా ఉండేవి. కానీ ఆవిడ అలవాట్లు కొన్ని నాకు గిట్టేవి కావు. మెట్టు మీద కూర్చొని తల దువ్వుకొని, ఊడిన వెంట్రుకలను ఉండచుట్టి గోడ సందులో కుక్కేది. ఒక ఉండ గాలికి దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలితే బకెట్ నీళ్ళతో కాలు కడుక్కున్నాను. అన్నిటినీ మించింది దిష్టి తీయడం. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొని ఆయనను గడప దగ్గర నిలబెట్టేది. ఆ మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఇల్లంతా దగ్గు. ఇంకోసారి కోడిగుడ్డు తిప్పి బయటికి విసిరితే అది మా గేటు ముందే పగిలి ఈగలు ముసిరాయి. వచ్చేపోయేవాళ్ళ చెప్పులతో ఆ సొన గల్లీ అంతా అంటింది. అప్పుడు గట్టిగానే చెప్పాను.

"ఉప్పు, మిరపకాయలు కూరలనే ఉండాలె వదినే. నా ఇంట్ల ఈ దిష్టి గిష్టి వద్దు. బయట ఉన్న గలీజు సాలదా?"

"సరె పో, ఇంట్ల తియ్యను," అంది.

ఆ తర్వాత దగ్గులు రాలేదు. మాట విన్నదనుకున్నాను.

ఎర్ర పామ్ మనిషెత్తు దాటింది. దాంతో మా గేటు ముందు ఇంకో రకం జనం తయారయ్యారు. వాయిదా పడి ఏం తోచనివాళ్ళు ఊచల్లోంచి లోపలికి చూసేవాళ్ళు. అసలుదా ప్లాస్టిక్‌దా అని పందాలు వేసుకునేవాళ్ళు. ఫోన్లు లోపలికి పెట్టి ఫోటోలు తీసేవాళ్ళు. మా వాకిలి ఎంతని, చెయ్యి చాపితే అందుతుంది. ఒకాయన చెయ్యి లోపలికి పెట్టి, రంగు ఊడుతుందేమోనని గోటితో కాడను గీకి చూశాడు. పాన్ నిండిన నోటితో "అసలుదే" అని పక్కవాడికి తీర్పు చెప్పాడు. ఆ గాటు నల్లగా మచ్చ కట్టింది. ఇంకొకడు చెట్టును మెచ్చుకుంటూ మెచ్చుకుంటూనే అరెకా కుండీలో ఉమ్మాడు.

"మీ ఇంట్ల గూడ గిట్లనే ఉమ్ముకుంటరా?" అని గేటు తీసుకొని వాడి మీదికి పోయాను.

"ఏమైందమ్మా, మట్టే గద," అన్నాడు.

చేతులకు కవర్లు తొడుక్కొని ఆ కుండీలో పైమట్టి అంతా తోడి పారేశాను. వదినె కిటికీలోంచి ఇదంతా చూస్తూ, "కండ్లు, కండ్లు. అందరి కండ్లు దానిమీదనే," అని గొణుక్కుంది. ఉమ్మి వదిలిపెట్టి కండ్ల గురించి మాట్లాడుతుందేమిటని విసుక్కొని నేను లోపలికి పోయాను.

వానలు పడ్డాక ఆ పామ్ విరగబడి పెరగాలి. అట్లాంటిది సరిగ్గా అప్పుడే వాడడం మొదలైంది. ముందు కింది ఆకుల కొసలు మాడాయి. తర్వాత ఎరుపు దిగింది. మిరపపండు ఎరుపు కాస్తా ఇటుక ఎరుపయింది, తర్వాత ఉతికి ఉతికి పాతబడిన మెరూన్ అయింది. రంగు దిగిపోయిందని గుర్తుపట్టడమే నా ఉద్యోగం, నన్ను నేను మోసం చేసుకోలేను కదా. మట్టి అంచున తెల్లగా పొడి పేరుకుంటున్నది. ఇది బోరు నీళ్ళ పనే అని మా ఆయన మీద పడ్డాను. పోయలేదని ఒట్టు పెట్టుకున్నాడు. నమ్మలేదు. కొన్ని రోజులు ఆయనతో మాట్లాడనే లేదు. ఏసీ నీళ్ళు ఇంకో సీసా ఎక్కువ మోశాను.

కుండీ దగ్గర వాసన కూడా వచ్చేది, పుల్లగా, కుళ్ళినట్టు. కానీ మా గల్లీలో కొత్త కంపు ఒకటి పుడితే దాన్ని ఎట్లా గుర్తుపడతారు? పిల్లి అనుకున్నాను, మోరి అనుకున్నాను, గోడ అనుకున్నాను. తడి ఆరకుండా నేను కుండీ పైన కప్పిన కొబ్బరిపీచు ఎప్పుడూ సర్దినట్టు నీటుగా ఉండేది. వేళ్ళు కదిలించొద్దని నేను దాన్ని ఎత్తి చూడలేదు.

నాకు అన్నం సయించడం మానేసింది. షాపులో ఒకావిడ కుంకుమరంగు చీరకు టమాట ఎరుపు చించి ఇచ్చాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చేయని తప్పు. మా సేట్ నలుగురి ముందు అరిచాడు. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుంటే ఆకులు పలచబడి వాటి సందుల్లోంచి మళ్ళీ ఆ వీపులు కనబడుతున్నాయి. ఏడుపొచ్చింది.

"గా చెట్టు గురించి గంత ఫికర్ జేస్తె ఎట్ల పిల్లా?" అంది వదినె, రొట్టె పళ్ళెం నా ఒళ్ళో పెడుతూ. "మంచిగైతది. నేను జూస్కుంటున్న గద."

ఏం చూసుకుంటున్నావని అడగాలని కూడా తోచలేదు.

ఒక ఆదివారం, షాపు బంద్ ఉన్న రోజు, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో పామ్‌ల జబ్బుల గురించి ఏమైనా దొరుకుతుందేమోనని వెళ్ళాను. మూసిన షట్టర్ల ముందు కుప్పలన్నీ తిరగేస్తే తోటపని పుస్తకం ఒకటి దొరికింది. తెరిస్తే పేజీల మధ్య ఎవరో ముక్కులో వేలుపెట్టి తీసింది అంటించి ఉంది. అక్కడే విసిరేసి వచ్చేశాను.

వచ్చి నేరుగా మొవ్వు చూశాను. పామ్ ప్రాణమంతా నడినెత్తిన, మొవ్వులోనే ఉంటుంది. కొత్త ఆకు అక్కడి నుంచే మూసుకొని పైకి వస్తుంది. మొవ్వు గట్టిగా ఉంటే ఆశ ఉన్నట్టు. స్టూలెక్కి మెల్లగా లాగాను. చేతిలోకి ఊడి వచ్చేసింది. కొస ఇంకా పచ్చగానే ఉంది, మొదలంతా గోధుమరంగు జిగురు. చచ్చిన ఎలుక వాసన. మిగతా కాడలు కూడా ఒక్కొక్కటి లాగి చూశాను. అన్నీ అంతే. ఆ జిగురు మోచేతి దాకా కారింది.

మొదట్లో ఒక్క పిలకైనా బతికి ఉంటే వేరుచేసి దాచుకుందామని స్టూలు దిగి కొబ్బరిపీచు ఎత్తాను. దాని కింద ఉన్నది మట్టి కాదు.

రాళ్ళుప్పు సగం కరిగి గడ్డలు కట్టి ఉంది. పసుపులో సున్నం కలిపిన ఎర్రనీళ్ళు ఎండి పొరలు పొరలుగా అట్టకట్టాయి. నిమ్మకాయలు నల్లబడి, వాటి మీద బూజు నూగులా లేచి ఉంది. మిరపకాయలు నాని ఉబ్బి తేళ్ళలాగా ఉన్నాయి. వాటి నడుమ వెంట్రుకల ఉండలు, తెల్లగా కదిలే పురుగులు. ఇదంతా ఎంత లోతు ఉందో చూద్దామని తాపీ గుచ్చితే ఏదో టప్‌మని పగిలింది. కోడిగుడ్డు. ఆ కంపు నోట్లోకి, కళ్ళలోకి కూడా వచ్చింది. నేను అక్కడే, అరెకా కుండీ పక్కన, పొద్దున తిన్నదంతా కక్కుకున్నాను.

"వదినే!" అని అరిచిన అరుపుకు గోడ దగ్గరివాళ్ళు కూడా పని ఆపి వెనక్కి తిరిగి చూశారు.

వదినె పిండి చేతులతోనే బయటికి వచ్చింది. కుండీని చూసింది, నన్ను చూసింది.

"ఏంది గిది?" అన్నాను.

"దిష్టి పిల్లా. చెట్టుకు తీసిన. నువ్వు ఇంట్ల వద్దన్నవ్, చెట్టుకు వద్దనలే గద."

"తీసి మళ్ళ దాని మొదట్లనే పోసినవా?"

"మరి ఏడ పొయ్యాలె? ఊళ్ళె అయితె మూడుబాటల కాడ పోస్తం. గీడ మూడుబాటల కాడికి పోతె బస్సులు మీదికొస్తయ్. ఎవలు తొక్కని జాగల పొయ్యాలె. గీ ఇంట్ల ఎవలు తొక్కని జాగ గదొక్కటే. దానికాడికి నువ్వు ఎవల్ని రానిస్తవ్?"

"కొసలు మాడుతుంటె కండ్లబడలేదా నీకు?"

"కండ్లబడ్డది. అందరి కండ్లు ఎక్కువైనయనుకున్న. మంగళారం తీసేదాన్ని, ఆదివారం గూడ తీసిన. ఉప్పు జర ఎక్కువేసిన. ఆఖరికి గుడ్డు గూడ పెట్టిన. అయినా దిగకపాయె."

నా చేతిలో ఇంకా మొవ్వు ఉంది. దాన్ని ఆవిడ కాళ్ళ దగ్గర విసిరికొట్టాను.

"నేను అబిడ్స్ నుంచి భుజాలు పడిపోయేటట్టు నీళ్ళు ఎందుకు మోస్తున్న? దానికి ఉప్పు పడదనే గద! ఉప్పు, సున్నం పోసి నువ్వే చంపినవ్. కండ్లు లేవు గిండ్లు లేవు. చూస్తే చెట్లు చావవ్ వదినే. ఉప్పు పోస్తే చస్తయ్. ఏం గలీజు మనిషివి నువ్వు!"

తిట్టాక కూడా నాకు చల్లారలేదు. ఆవిడ తిరిగి తిడుతుందనో, ఏడుస్తుందనో చూశాను. రెండూ చేయలేదు. మోకాళ్ళు పట్టుకొని మెల్లగా మెట్టు మీద కూర్చుంది.

"చూస్తే చావవా?" అంది.

"చావవ్."

"మరి మా మిరపతోట?"

ఏ మిరపతోట అన్నాను. వాళ్ళు భూమి అమ్ముకున్నారని తెలుసు గానీ ఎందుకు అమ్మారో ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

"అసొంటి తోట మా ఊళ్ళనే లేకుండె," అంది వదినె. "చెట్టు నిండ పండ్లు, ఎర్రగ. బాట మీద పోయేటోళ్ళు బండ్లు ఆపి చూసేటోళ్ళు. నడిమిట్ల గుమ్మడికాయ గట్టి దిష్టి తీస్త అని మీ అన్నతోటి అన్న. నవ్విండు. పిచ్చిదానివా అన్నడు. నేను ఊకున్న. ఆ యేడు గంత మంచిగ పండిందా, మరుసటేడు ఆకులన్ని ముడుచుకపోయినయ్. చెట్లు గిడసబారినయ్. ఒక్క కాయ సక్కగ కాయలే, అప్పులయినయ్. భూమి పాయె."

మీ అన్న అంటే ఆవిడ భర్త. నాకు అన్న వరస.

"అప్పటిసంది మీ అన్న సచ్చేదాంక ఒక్కటే మాట. నువ్వు దిష్టి తీసుంటె తోట దక్కు, నీవల్లనే భూమి పాయె అని. కూరల ఉప్పు ఎక్కువైనా గదే మాట. బర్రె పాలియ్యకున్నా గదే మాట. నలుగుర్ల కూసున్నా గదే మాట."

"వద్దని నవ్వింది ఆయననే గద?"

"నవ్విండు. నవ్వినా నేను తియ్యాలె గద. ఇంటి ఆడిదానికి తెల్వదా అన్నడు. నిజమే గద అనుకున్న. అప్పుడు తియ్యకనే తోట పాయె, గందుకే నీ చెట్టుకు ఒక్క వారం గూడ తప్పకుంట తీసిన."

ఆయన నాకు బాగా గుర్తున్నాడు. తెల్లబట్టలు, మెల్లని మాట. మా ఇంటికొస్తే గేటు దగ్గరే నల్లా విప్పి కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చేవాడు. తిన్న పళ్ళెం తనే తీసేవాడు. మనిషంటే అట్లా శుభ్రంగా ఉండాలని ఆయన పోయాక కూడా మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో. నా ముక్కులో ఇంకా ఆ గుడ్డు కంపు ఉంది, చేతికి ఆ జిగురు ఉంది, కాళ్ళ దగ్గర నా వాంతి ఉంది. వాటిలో ఏదీ ఆ తెల్లబట్టల మనిషి పుట్టించినంత రోత పుట్టించలేదు.

"మీ పక్కోళ్ళ తోట ఏమైంది వదినే?" అని అడిగాను.

"గది గూడ పాయె."

"వాళ్ళు దిష్టి తీసిన్రా?"

"తీసిన్రు. గుమ్మడికాయ గట్టిన్రు. యాటపోతును గూడ కోసిన్రు," అంది. అని, తన నోట్లోంచి వచ్చిన మాటను అప్పుడే కొత్తగా విన్నట్టు ఆగిపోయింది.

"అది తెగులు వదినే. తెల్లదోమ మోసుకొస్తది. నా చెట్లకు దోమ పట్టినప్పుడు చదివిన. మిరపకు పడితె ఆకులు గట్లనే ముడుచుకుంటయ్. నువ్వు తీసినా పోయేది, తియ్యకున్నా పోయేది."

వదినె నా మొహంలోకి చూసింది.

"నేను బాధపడతనని అంటున్నవా?"

"నా చెట్టును చంపినవ్. నీకు మంచిగనిపియ్యాలని నేనెందుకంట?"

ఆ మాట ఆవిడకు సరిపోయింది. తల ఊపింది. కింద పడి ఉన్న మొవ్వును చేతిలోకి తీసుకొని కాసేపు అటూ ఇటూ తిప్పింది. దాని మీది ఈగలు ఆవిడ చేతి మీద వాలాయి, తోలలేదు.

"గట్లయితె గిన్నేండ్లు నన్ను ఉత్తగనే అన్నడు," అంది.

"ఔ వదినే. ఉత్తగనే."

ఉత్తగనేనా అని మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. అప్పుడు కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది, ఊపిరాడనంతగా, ఆ పిండి, జిగురు చేతులతోనే. కుండీలోంచి కంపు వస్తూనే ఉంది. నేను చేతులు కడుక్కోవడానికి లేవలేదు. ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.